గరివిడి కెమెరా... దుబాయ్ రేసు

మూడు రీళ్లు. ఒక్కోదానికీ 36 చొప్పున 108 ఫొటోలు. ఇరవై నాలుగు గంటలు ఆగకుండా సాగే కార్ల రేసుకి నేను పట్టుకెళ్లిన సరంజామా అంతే. పక్కన నిలబడ్డ కుర్రాడు మొదటి పది నిమిషాల్లోనే తన సెల్‌ఫోన్‌తో అంతకంటే ఎక్కువ తీసేశాడు. నా చేతిలో ఉన్నదాని వంక చూసి, "అంకుల్, ఇది పనిచేస్తుందా?" అని అడిగాడు. "నాకంటే బాగా పనిచేస్తుంది" అన్నాను నవ్వుతూ. ఆ మాట ఎంత నిజమో తెల్లవారుజామున మూడింటికి తెలిసొచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

అది 2025 జనవరి 11, శనివారం. దుబాయ్ ఆటోడ్రోమ్. రెండు రోజుల్లో భోగి. అక్కడ మా గరివిడిలో అమ్మ అరిసెలు వండేసింది. నాకేమో ఈసారి పండక్కి సెలవు దొరకలేదు. శని, ఆదివారాలు గదిలో కూర్చుంటే ఇల్లు గుర్తొచ్చి మనసు పాడవుతుందని, ఎప్పట్నుంచో అనుకుంటున్న ఈ రేసుకి బయల్దేరాను. మెడలో నాన్న కెమెరా.

గేటు దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేశాను.

"ఎంతసేపు తిరుగుతాయిరా ఆ కార్లు?" అన్నాడు నాన్న.

"ఇరవై నాలుగు గంటలు నాన్నా."

"అయితే మూడు షిఫ్టులు" అన్నాడు.

కొలిమి ఆరని ఊరు

గరివిడి గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. హౌరా-చెన్నై రైలు మార్గంలో విజయనగరం దాటాక నెల్లిమర్ల, ఆ తర్వాత మా ఊరు. అటుపక్కనే చీపురుపల్లి. రైల్లో పోయేవాళ్లలో మా స్టేషన్లో దిగేవాళ్లకంటే దాటిపోయేవాళ్లే ఎక్కువ. పెద్ద పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు మా ప్లాట్‌ఫారాన్ని దుమ్ము లేపుకుంటూ దాటేస్తాయి. కానీ ఈ నేలలో మాంగనీసు ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకాలు మొదలైంది 1890లలో మా విజయనగరం ప్రాంతంలోనే. ఆ రాయి ఉండబట్టే మా శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ వచ్చింది. ఊళ్లో అందరూ ఫేకర్ అంటారు. ఉక్కు గట్టిపడాలంటే మాంగనీసు కలవాలి. అందుకు కావలసిన ఫెర్రో మాంగనీసుని మా ఊరి కొలుముల్లో కరిగించేవారు.

ఆ కొలిమి సంగతి వింటే మీకు రేసు సంగతి సగం అర్థమైనట్టే. ముడి రాయి, కోక్ బొగ్గు పైనుంచి పోస్తారు. స్తంభాల్లాంటి కార్బన్ ఎలక్ట్రోడ్లు అందులోకి దిగి ఉంటాయి. కరెంటు వేడికి రాయి కరిగి అడుక్కి చేరుతుంది. కొన్ని గంటలకోసారి కింద రంధ్రం పొడిచి, కరిగిన లోహాన్ని బయటికి వదులుతారు. దాన్నే టాపింగ్ అంటారు. చిక్కల్లా ఏమిటంటే, ఈ కొలిమిని సాయంత్రం ఆర్పేసి పొద్దున్నే వెలిగించుకుందాం అంటే కుదరదు. చల్లారితే లోపలున్నదంతా గడ్డకట్టుకుపోతుంది. అందుకని రాత్రీ పగలూ ఎవరో ఒకరు దాని ముందు ఉండాల్సిందే. ఎ-షిఫ్టు, బి-షిఫ్టు, సి-షిఫ్టు. మనుషులు మారతారు, కొలిమి మారదు.

నాన్న ఆ కొలిమి ముందు ముప్ఫై ఏళ్లకి పైగా పనిచేశాడు. 1981లో విశాఖ వెళ్లినప్పుడు, ఓల్డ్ టౌన్‌లో ఫారిన్ సామాన్లు అమ్మే కొట్టులో ఈ కెమెరా కొన్నాడు. రెండు నెలల జీతం పోసి కొన్నాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. కేనన్ కంపెనీది. కేనొనెట్ క్యూఎల్17 జి-త్రీ. 1972లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. చొక్కా జేబులో పట్టదు గానీ ప్యాంటు జేబులో ఇరికించొచ్చు.

దీన్ని రేంజ్‌ఫైండర్ కెమెరా అంటారు. పెద్ద కెమెరాల్లో అద్దం ఉంటుంది, లెన్సులోంచి వచ్చిన దృశ్యమే మన కంటికి కనబడుతుంది. దీంట్లో అలా కాదు. లెన్సు ఒకచోట, మనం చూసే కిటికీ ఇంకోచోట. కిటికీ మధ్యలో పసుప్పచ్చటి చిన్న మచ్చ ఉంటుంది. ఆ మచ్చలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ ఒక్కడైపోతారు. అప్పుడు నొక్కాలి. చిన్నప్పుడు నాకిది గారడీలా ఉండేది. నాన్న ఒళ్లో కూర్చుని అమ్మని రెండుగా చేసి, మళ్లీ ఒకటిగా చేసి ఆడుకునేవాణ్ని.

నాన్న తీసిన ఫొటోలు రేకు పెట్టెలో ఓ రెండొందలుంటాయి. దాదాపు అన్నీ పొద్దున్న ఆరు గంటలవే. సి-షిఫ్టు దిగేవాళ్లు, ఎ-షిఫ్టు ఎక్కేవాళ్లు ఒకేచోట కలిసే సమయం అది. వెలుతురూ బాగుంటుంది. దిగేవాళ్ల మొహాలు నల్లగా, ఎక్కేవాళ్ల మొహాలు బొట్టు పెట్టుకుని తెల్లగా. కొలిమిని మాత్రం నాన్న ఒక్కసారీ ఫొటో తియ్యలేదు.

నాలుగేళ్ల కింద నాన్న కళ్లకి నీటికాసులు అన్నారు. ఉన్న చూపు నిలబెట్టగలం గానీ పోయింది తిరిగి రాదన్నారు డాక్టరు. ఎదురుగా ఉన్నది మసగ్గా కనబడుతుంది, పక్కలు కనబడవు. ఆ ఏడాది సెలవుకి ఊరెళ్లినప్పుడు కెమెరా నా చేతిలో పెట్టి, "నా కన్ను అయిపోయింది. దీని కన్ను బాగానే ఉంది. నువ్వట్టుకెల్లు" అన్నాడు.

రైళ్ల మీద ప్రాక్టీసు

వేగంగా పోయేదాన్ని ఫొటో తియ్యడం నేను నేర్చుకున్నది గరివిడిలోనే. పట్టాలకి కాస్త దూరంగా పొలం గట్టు మీద నిలబడేవాణ్ని. ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూత వినగానే కెమెరా కంటికి పెట్టుకోవాలి. కాళ్లు కదలకూడదు, నడుము తిరగాలి. ఇంజను మనకి ఎంత దూరంలో ఉన్నప్పుడు తిరగడం మొదలుపెట్టామో, నొక్కిన తర్వాత కూడా అంత దూరం తిరుగుతూనే ఉండాలి. బంతిని కొట్టాక కూడా బ్యాటు ముందుకి ఊగుతుంది చూడండి, అలా. అప్పుడు ఇంజను స్పష్టంగా, వెనక తాటిచెట్లు గీతలు గీసినట్టుగా వస్తాయి. వేగం ఫొటోలో కనబడేది ఆ గీతల్లోనే. దీన్నే పాన్ చెయ్యడం అంటారు.

దానికి షట్టరు వేగం తగ్గించాలి. సెకనులో అరవయ్యో వంతు, ధైర్యం ఉంటే ముప్ఫయ్యో వంతు. అయిదొందలో వంతు పెడితే ఎంత వేగంగా పోయే బండైనా పార్కు చేసినట్టే కనబడుతుంది.

ఈ పనికి రేంజ్‌ఫైండర్‌లో ఒక సుఖం ఉంది. అద్దం ఉన్న కెమెరాలో నొక్కిన క్షణాన అద్దం పైకి లేచి కిటికీ చీకటవుతుంది. దీంట్లో అవ్వదు. పైగా ఫొటోలో పడే మేర వరకు గీతలు గీసి ఉంటాయి, ఆ గీతల బయట ఏముందో కూడా కనబడుతుంది. అంటే రాబోయే బండి ఫ్రేములోకి రాకముందే మనకి కనిపిస్తుంది.

కార్ల రేసు ఫొటోలంటే చాలామందికి గుర్తొచ్చేది ఫ్రాన్సు ఫొటోగ్రాఫరు లార్టీగ్ 1910లలో తీసిన ఒక ఫొటో. కారు చక్రం గుండ్రంగా కాక కోడిగుడ్డులా ముందుకి వాలి ఉంటుంది. అతని కెమెరాలో షట్టరు ఒక సన్నటి చీలికలా ఫిల్ము మీదుగా జరగడం వల్ల వచ్చిన వంకర అది. ఆ వంకరే జనానికి వేగంగా అనిపించింది. మా కేనొనెట్ షట్టరు లెన్సు లోపలే రేకుల్లా విచ్చుకుని మూసుకుంటుంది. చక్రం ఎప్పుడూ గుండ్రంగానే వస్తుంది. అంటే ఆ గారడీ నాకు దొరకదు. ఉన్నదాంతోనే సర్దుకోవాలి.

బియ్యం గింజలు

దుబాయ్ ఆటోడ్రోమ్ 2004లో కట్టారు. పెద్ద ట్రాకు పొడవు 5.39 కిలోమీటర్లు. ఈ ఇరవై నాలుగు గంటల రేసు 2006 నుంచి జరుగుతోంది. ఇలాంటి రేసులన్నిటికీ పెద్దన్న ఫ్రాన్సులోని లె మాన్. అది 1923లో మొదలైంది. మనవాళ్లలో కరుణ్ చందోక్ 2012లో అక్కడ పోటీ చేసి, ఆ రేసులో నడిపిన మొదటి భారతీయుడు అయ్యాడు.

ఇక్కడ ఒకేసారి యాభై పైచిలుకు కార్లు తిరుగుతాయి. అన్నీ ఒక్క రకం కాదు. బాగా వేగమైనవి, ఓ మోస్తరువి, ఇంకాస్త నెమ్మదివి, అన్నీ ఒకే ట్రాకు మీద. ఒక్కో కారుకి నలుగురైదుగురు డ్రైవర్లు. వంతులవారీగా నడుపుతారు. వాళ్లలో వృత్తిగా చేసేవాళ్లుంటారు, వ్యాపారాలు చేసుకుంటూ సరదాకి వచ్చినవాళ్లుంటారు.

మధ్యాహ్నం రేసు మొదలైంది. కంచె పక్కన నిలబడి మొదటి రీలు మొదలుపెట్టాను. కలర్ ఫిల్ము, స్పీడు 200. సెకనులో అరవయ్యో వంతు పెట్టి నొక్కబోతే బటన్ దిగలేదు. ఎందుకంటే ఎడారి ఎండ. లెన్సు కంత ఎంత చిన్నది చేసినా వెలుతురు ఎక్కువైపోతోందని కెమెరా మొరాయించింది. ఆటోమేటిక్‌లో ఉన్నప్పుడు దీనికి ఆ గుణం ఉంది. లెక్క కుదరకపోతే ఫొటో తియ్యదు. 250వ వంతుకి మార్చాను. అప్పుడు నొక్కనిచ్చింది. కార్లు వచ్చాయి, పోయాయి. నేను తిరిగాను, నొక్కాను.

ఆ రీలు తర్వాత కడిగిస్తే ఏమొచ్చిందో ఇప్పుడే చెప్పేస్తాను. బియ్యం గింజలు. ఈ కెమెరా లెన్సు 40 మిల్లీమీటర్లు. తీసి వేరేది పెట్టుకునే వీలు లేదు. అరవై మీటర్ల దూరంలో పోతున్న నాలుగున్నర మీటర్ల కారు ఫిల్ము మీద 3 మిల్లీమీటర్లు పడుతుంది. ఫిల్ము వెడల్పేమో 36 మిల్లీమీటర్లు. అంటే ఫొటోలో పన్నెండో వంతు కారు, మిగతాదంతా తారు, కంచె, ఆకాశం. మెడలో ప్రెస్ కార్డులు వేలాడేసుకున్న ఫొటోగ్రాఫర్లు చేటంత లెన్సులతో నిలబడ్డారు. 400 మిల్లీమీటర్లది ఉంటే అదే కారు ఫ్రేము నిండా వస్తుంది.

లెక్క ముందే తెలియదా అంటే తెలుసు. తెలిసీ ఆశ. సాయంత్రం అయిదు దాటి ఎండ పసుపురంగుకి తిరిగాక బటన్ అరవయ్యో వంతుకి ఒప్పుకుంది. అప్పుడు తీసినవాటిలో నాలుగు మాత్రం బాగొచ్చాయి. కారు చిన్నదే. కానీ దాని వెనక జనం, జెండాలు, దీపస్తంభాలు అన్నీ ఒకటే గీతలు. మా పొలం గట్టు మీది తాటిచెట్లలాగ.

రీలు అయిపోయింది. మెట్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాను. ఇంకా పద్దెనిమిది గంటలుంది. ఇలాగే కంచె దగ్గర నిలబడితే మిగతా రెండు రీళ్లూ బియ్యం గింజలే. ఏం చెయ్యాలో పాలుపోలేదు. నాన్న పొద్దున్న అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. మూడు షిఫ్టులు. ముప్ఫై ఏళ్లలో కొలిమిని ఒక్కసారీ ఫొటో తియ్యని మనిషి ఆ మాట అన్నాడు. డబ్బా మూసేసి, లేచి, కార్లకి వీపు పెట్టి వెనక్కి నడిచాను.

సి-షిఫ్టు

వెనకంటే పాడాక్. కార్ల గ్యారేజీల వెనక భాగం. టికెట్టు కొన్నవాళ్లు అక్కడ తిరగొచ్చు. ముందు వైపు హోరు, వెనక వైపు సంసారం. టైర్ల దొంతరలు, నీళ్ల సీసాల కట్టలు, మడత మంచాలు, సగం తిన్న అన్నం పళ్లేలు.

ఈ రేసులో పెట్రోలు సంగతి చిత్రంగా ఉంటుంది. ఎవరి గ్యారేజీ దగ్గర వాళ్లు పోసుకోరు. అందరికీ కలిపి ఒక చోట బంకు ఉంటుంది. గంటకో, గంటన్నరకో ప్రతి కారూ అక్కడికి వచ్చి వరసలో నిలబడాలి. అంతసేపూ రెండొందల పైన పోయిన కారు, చీపురుపల్లి బంకులో ఆటో నిలబడ్డట్టు నిలబడి తన వంతు కోసం చూస్తుంది. ఇంకో పద్ధతి 'కోడ్ 60'. ట్రాకు మీద ఎవరైనా గుద్దుకుంటే ఊదారంగు జెండాలు ఊపుతారు. అప్పుడు ఎక్కడివాళ్లక్కడ 60 కిలోమీటర్ల వేగానికి తగ్గిపోవాలి. అర్ధరాత్రి అన్ని కార్లూ దీపాలు వేసుకుని మెల్లగా ఒకదాని వెనక ఒకటి పోతుంటే అమ్మవారి ఊరేగింపు గుర్తొచ్చింది.

జనవరి కాబట్టి చీకటే పదమూడు గంటలు. చలి కూడా ఉంది. రెండో రీలు నలుపు-తెలుపు వేశాను. స్పీడు 400 ఫిల్ముని 1600 అనుకుని వాడి, కడిగేటప్పుడు ఎక్కువసేపు కడిగించుకోవాలి. కెమెరాలోని మీటరు 800 దాటి లెక్క కట్టలేదు. అందుకని ఆటోమేటిక్ తీసేసి, లెన్సు పూర్తిగా తెరిచి, 30వ వంతు పెట్టి, దూరం మూడు మీటర్లకి ఖాయం చేసుకున్నాను. ఇక పసుపు మచ్చతో పని లేదు. మూడు మీటర్ల దూరంలోకి వెళ్లడం, నొక్కడం. దీని చప్పుడు టిక్కుమని చిటిక వేసినంతే. పడుకున్నవాళ్లు లేవరు, పని చేసుకునేవాళ్లు తలెత్తరు.

టైర్ల దొంతర మీద కూర్చుని గోడకి తల ఆన్చి నిద్రపోతున్న కుర్ర మెకానిక్. అతని చేతిలో పానా అలాగే ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర మీద అంకెలు చూస్తున్న ఒకామె, కునుకు రాకుండా తన చెయ్యి తనే గిల్లుకుంటోంది. బ్రేకులు మారుస్తుంటే ఎర్రగా కాలిన పళ్లేలు. టాపింగ్ అప్పుడు గరివిడిలో కొలిమి నోటి దగ్గర కనిపించే రంగు అదేనట. నాన్న చెప్పేవాడు. అది నలుపు-తెలుపులో రాదని తెలిసినా ఒకటి నొక్కాను.

ఒంటిగంట దాటాక ఒకతను చెత్త బుట్ట బండి తోసుకుంటూ నా పక్కన ఆగాడు. నేను ఫోనులో అమ్మ పంపిన మెసేజీ వింటున్నాను. "తెలుగోలా? ఏ ఊరు?" అన్నాడు. గరివిడి అన్నాను. "మాది పలాస దగ్గర" అన్నాడు. అతనికి రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా డ్యూటీ. రేసు ఎవరు గెలుస్తారో అతనికి అక్కర్లేదు. కానీ ఏ గ్యారేజీలో ఏం జరుగుతోందో అతనికి తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు. "మూడింటికి ఆ చివర గ్యారేజీలో డ్రైవరు మార్తాడన్నా. దిగినోడు ఎనక తలుపులోంచి వచ్చి, ఈ అరుగు మీదే కూర్సుంటాడు. నిన్న ప్రాక్టీసులోనూ ఇక్కడే కూర్సున్నాడు" అని చెప్పాడు.

మూడింటికి అక్కడున్నాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలినుంచి పిట్ లేన్ వరకు కనబడుతోంది. కారు వచ్చి ఆగింది. నేను చూసింది, తీసింది, నా ఇన్నేళ్లలో ఎప్పుడూ దొరకనిది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. తొమ్మిదోది నొక్కాక నా చేతులు వణుకుతున్నాయి. చలికి కాదు.

"అన్నా" అన్నాడు పలాస తమ్ముడు పక్కనుంచి. "మూత తియ్యలేదేటి?"

చూసుకున్నాను. లెన్సు మీద నల్లటి మూత నిక్షేపంలా ఉంది. టీ తాగుతున్నప్పుడు తుంపర పడుతుందని పెట్టినది. రేంజ్‌ఫైండర్‌తో వచ్చే పెద్ద ప్రమాదం ఇదే. చూసే కిటికీ వేరు, లెన్సు వేరు కాబట్టి మూత ఉన్నా మన కంటికి అంతా చక్కగా కనబడుతూనే ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఉండుంటే చీకటిగా ఉందని కెమెరా మొరాయించేది. ఆ రక్షణ నేనే తీసేశాను. కెమెరా నాకంటే బాగా పనిచేస్తుందన్నాను కదా, ఆ మాటే నా తలకి తగిలింది.

ఏడుపొచ్చినంత పనైంది. డ్రైవరు అప్పటికే లేచి వెళ్లిపోయాడు. పలాస తమ్ముడు ఏమనాలో తెలియక కాసేపు నిలబడి, "టీ తాగుదాం రా అన్నా" అన్నాడు. తాగాం. కప్పు బుట్టలో వేసి, మూత జేబులో పడేసి, మిగిలిన ఫ్రేములు తెల్లారేదాకా తీసుకుంటూ పోయాను. ఆరింటికి అతను డ్యూటీ దిగాడు. ఎదురుగా ఆరింటి డ్యూటీవాడు బండి అందుకుంటున్నాడు. ఇద్దరినీ నిలబెట్టి ఒకటి తీశాను. ఆ రీల్లో చివరి ఫొటో అదే. నాన్న రేకు పెట్టెలో ఉన్నలాంటిదే.

జెండా

ఆదివారం పొద్దెక్కేసరికి స్టాండ్లు తమిళ కుర్రాళ్లతో నిండిపోయాయి. కారణం అజిత్ కుమార్. సినిమా హీరో అజిత్ సొంత జట్టుతో ఈ రేసుకి వచ్చాడు. అంతకు కొద్ది రోజుల ముందే ప్రాక్టీసులో ఆయన కారు గోడకి గుద్దుకుని గిర్రున తిరిగింది. ఆ వీడియో చూడనివాళ్లు లేరు. తర్వాత తన జట్టు 901 నంబరు పోర్షేని మిగతా డ్రైవర్లకి వదిలి, ఆయన వేరే జట్టు కారులో ఒక వంతు నడిపాడు.

మనకీ ఆయనతో ఓ బంధం ఉంది. ఆయన పుట్టింది సికింద్రాబాద్‌లో. హీరోగా చేసిన ఒకే ఒక్క తెలుగు సినిమా 'ప్రేమ పుస్తకం'. ఆ సినిమా మొదలుపెట్టిన కుర్ర దర్శకుడు గొల్లపూడి శ్రీనివాస్ షూటింగులోనే ప్రమాదంలో చనిపోతే, తండ్రి గొల్లపూడి మారుతీరావు గారు దాన్ని పూర్తి చేశారు. మారుతీరావు గారు మా విజయనగరంలో పుట్టినవారు. కొడుకు మధ్యలో వదిలిన వంతుని తండ్రి అందుకోవడం అంటే ఎలా ఉండి ఉంటుందో ఆ పొద్దున్న మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

మధ్యాహ్నం రేసు ముగిసింది. అజిత్ జట్టు తన తరగతిలో మూడో స్థానంలో వచ్చింది. ఆయన జాతీయ జెండా పట్టుకుని పరిగెత్తాడు. స్టాండ్లు హోరెత్తిపోయాయి. మూడో రీలు కలర్‌ది. నేను జెండా వైపు తిప్పలేదు. నా ముందు వరసలో ఒకావిడ నిద్రపోతున్న పిల్లాణ్ని భుజాన వేసుకుని, వాడి చెవులు రెండు చేతులతో మూసి, తను మాత్రం గొంతు చించుకుని అరుస్తోంది. అది తీశాను. మూత చూసుకుని మరీ.

తొమ్మిది

మే నెలలో సెలవు దొరికింది. విజయనగరంలో దిగి పాసింజర్ ఎక్కాను. గరివిడి స్టేషన్ బయట వేపచెట్టు కింద నాన్న నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కాదు, నా అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

ఆ సాయంత్రం డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాం. ఫొటోలు పెద్దవిగా ప్రింటు వేయించి తెచ్చాను. ఒక్కోదాన్నీ మొహానికి దగ్గరగా పెట్టుకుని, తల మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ముక్కలు ముక్కలుగా చూశాడు. కార్లవి నాలుగూ పక్కన పెట్టేశాడు. మెకానిక్ కుర్రాడి దగ్గర ఆగి, "చేతిలో పానా వదల్లేదు సూడు" అన్నాడు. ఆరింటి ఫొటో చూసి, "ఈడు దిగినోడు, ఈడు ఎక్కినోడు" అని సరిగ్గా చెప్పాడు. మొహాలు కనబడి కాదట, నిలబడిన తీరు చూసి.

మూత సంగతి చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ నెగెటివ్‌లు చేత్తో తడుముతూ, "ఇక్కడేటి, ఖాళీ?" అన్నాడు. నెగెటివ్‌ని దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు మరి. చుట్టూ నల్లటి మరకలు, మధ్యలో తొమ్మిది గళ్లు అద్దంలా తెల్లగా. చెప్పేశాను. తిడతాడనుకున్నాను. నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది.

"సరే, ఆ తొమ్మిదీ చెప్పు" అన్నాడు, గోడకి చేరబడి కళ్లు మూసుకుని.

చెప్పడం మొదలుపెట్టాను. ఒకటి, కారు ఆగింది, ముందు దీపం ఒకటి పగిలిపోయి టేపు అంటించి ఉంది. రెండు, తలుపు తియ్యకముందే లోపలి మనిషి బెల్టులు విప్పేసుకుంటున్నాడు. మూడు, ఎక్కేవాడు దిగేవాణ్ని రెట్ట పట్టుకుని బయటికి లాగుతున్నాడు. నాలుగు, దిగినవాడు తిరిగి లోపలికి వంగి, ఎక్కినవాడి బెల్టులు బిగిస్తున్నాడు. అయిదు, అతని హెల్మెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. ఆరు, కారు వెళ్లిపోయింది, అతను ఖాళీ జాగాలో ఒక్కడే నిలబడ్డాడు. ఏడు, హెల్మెట్ తీశాడు, చలికి తలలోంచి ఆవిరి లేస్తోంది. చాలా చిన్నవాడు నాన్నా, పాతికేళ్లుండవు. ఎనిమిది, వెనక తలుపులోంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, నీళ్ల సీసా మూత తియ్యడానికి వేళ్లు పట్టు చిక్కడంలేదు.

నాన్న ప్రతిదానికీ "ఊఁ" కొడుతున్నాడు. దూరంగా ఏదో ఎక్స్‌ప్రెస్ మా ఊరిని దాటుకుంటూ పోయింది. చప్పుడు పూర్తిగా ఆగేవరకూ ఇద్దరం ఊరుకున్నాం.

"సి-షిఫ్టు దిగినోడు ఇంటికెల్లే ముందు ఓపాలి కొలిమి కాసి తిరిగి సూస్తాడు. ఎవరూ సెప్పరు, అయినా సూస్తాడు" అన్నాడు నాన్న. "మీ వోడు సూసినాడేటి?"

"చూశాడు నాన్నా. తొమ్మిదోది అదే."